పితూరీ లేని రోజులు

గూడెం కొత్తవీధి అనగానే మనకు తేదీలు గుర్తొస్తాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ఇద్దరు తెల్ల అధికార్లు స్కాట్ కవర్డ్, హైటర్ చచ్చిపోవడం. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపడం. బడి పుస్తకంలో ఇవే, సినిమాలో ఇవే, వర్ధంతి సభల్లో ఇవే. ఆ తేదీకి ముందు రోజు అక్కడి మనిషి ఏ అంబలి తాగాడు, సంతలో ఉప్పుకి ఎంతిచ్చాడు, ఎవడికి బాకీ పడ్డాడు, ఏ భాషలో తిట్టుకున్నాడు అన్నది ఎక్కడా ఉండదు. మన చరిత్ర రచనలో మన్యం మనిషి బాణం పట్టిన రోజున పుట్టి, తుపాకీ దెబ్బకు పడిపోయిన రోజున పోతాడు. మధ్యలో బతికిన బతుకు లెక్కలోకి రాదు. ప్రగతిశీల మిత్రులు రాసిన కథల్లో, పాటల్లో కూడా అంతే. వాళ్ళకూ ఆదివాసీ లేచి నిలబడ్డప్పుడే కనిపిస్తాడు, కూర్చుని అడ్డాకులు కుడుతున్నప్పుడు కనిపించడు.

ఈ బాధ ముసల్మానులకు ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. తెలుగు పత్రికల్లో మనం కనపడేది గొడవలప్పుడు, లేదంటే పండగనాడు ఈద్గా దగ్గర అలాయి బలాయి ఫోటోలో. మిగతా రోజుల్లో పరుపులు కుట్టే సాయిబు, మెకానిక్ షెడ్డులో నల్లబడ్డ కుర్రాడు, బీడీలు చుట్టే బీబమ్మ ఏమైపోతారో ఎవరికీ పట్టదు. అందుకే గూడెం చరిత్రను మనం కొంచెం వేరే కళ్ళతో చదవాల్సి ఉంది. చదివితే మనకు సంతోషం కలిగించేవి కొన్ని, ఇబ్బంది పెట్టేవి కొన్ని దొరుకుతాయి.

ముందు ఆ మాటనే తీసుకుందాం. పితూరీ. 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప కొండల్లో జరిగిన తిరుగుబాట్లన్నిటికీ సర్కారు కాగితాల్లో ఉన్న పేరు ఇదే. ఇది తెలుగు మాట కాదు, కొండ భాషలదీ కాదు, ఇంగ్లీషుదీ కాదు. అరబ్బీలో 'ఫుతూర్' అంటే సడలిపోవడం, నీరసం. పారశీకం, ఉర్దూల మీదుగా నడిచి 'ఫితూర్' అయ్యేసరికి కలత, గొడవ, కుట్ర అనే అర్థాలు తగిలించుకుంది. (రంజాను నాటి 'ఫితర్'కూ దీనికీ చుట్టరికం లేదు. తెలుగులో రెంటికీ ఒకటే 'త' కనక పొరబడతాం గాని అరబ్బీలో అవి వేరు వేరు అక్షరాలు.) తెలుగులోకి దిగాక పితూరీ అయింది. ఇవాళ మనిళ్ళల్లో పితూరీ అంటే ఒకరిమీద ఒకరు చెప్పుకునే చాడీ. ఒకప్పుడు ప్రభుత్వాన్ని వణికించిన మాట అత్తాకోడళ్ళ మధ్యకు వచ్చి పడింది.

పితూరీ ఒక్కటే కాదు. కొండ ఎక్కిన సర్కారు వెంట ఎక్కిన మాటల్ని వరసగా చూడండి. వసూలు, జప్తు, ఖైదు, హుకుం, జరిమానా, మామూలు, హాజరు, దరఖాస్తు, తహసీలు. అన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చినవే. రంప ప్రాంతానికి పెత్తందారు మన్సబుదారు, గూడెం ఊళ్ళమీద పెత్తనం ముఠాదారుది. చివర తగిలిన ఆ 'దారు' పారశీకం. ఆఖరికి రైతు అన్నది కూడా 'రైయత్' నుంచి వచ్చిందే, దాని అర్థం ఏలికకు లోబడ్డవాడని. కొండమీద బగత, కోదు, కొండదొర, కొండకమ్మరి మన భాషను మొదట విన్నది నమాజులోనూ కాదు, ఖవ్వాలీలోనూ కాదు. పన్ను అడిగేవాడి నోట విన్నాడు. మన ఉర్దూ ఎంత తీయనిదో ముషాయిరాల్లో చెప్పుకుని మురిసిపోతాం. ఆ తీయదనం కొండ ఎక్కేటప్పటికి మిగల్లేదు.

ఇది విని హిందూత్వవాళ్ళు చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఆ కొండల్లో అన్నిటికన్నా అసహ్యమైన మాట వెట్టి. అధికారి సామాను నెత్తిన పెట్టుకుని కూలి లేకుండా మోయడం. అది సంస్కృతంలో 'విష్టి'. అప్పిచ్చి పంట ఎత్తుకుపోయే షావుకారు మాట కూడా సంస్కృత మూలందే. ఇక ఆ షావుకారు ఏ దేవుడికి మొక్కేవాడో నేను చెప్పక్కర్లేదు.

రోజువారీ బతుకు కాగితాలకెక్కింది తగువు వచ్చినప్పుడు మాత్రమే. 1879 రంప పితూరీ వెనక ఉన్నది చెట్టు కల్లు. తన పెరట్లో తాను గీసుకునే కల్లుమీద సర్కారు ఆబ్కారీ, ఆ పైన మన్సబుదారు వేసిన చిగురుపన్ను. మన్యంలో కల్లు వ్యసనమని కింద నుంచి చూసేవాళ్ళు అంటారు. తిండిగింజలు అయిపోయే ఎండాకాలంలో జీలుగు కల్లు ఆకలి తీర్చే వస్తువు. ఆకలిమీద పన్ను వేస్తే ఏమవుతుందో అదే అయింది. తర్వాత 1882 అడవి చట్టం వచ్చింది. పోడు కొట్టుకుని చోళ్ళు, సామలు చల్లుకునేవాడు తాతల నాటి కొండమీదనే దొంగయ్యాడు. ఎవరి ఇంటి పొయ్యిలో ఏ కట్టె మండాలో కూడా ఫారెస్టు గార్డు చెప్పే రోజులొచ్చాయి.

1922 నాటికి తగువు రోడ్డుమీదికి వచ్చింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాటు రోడ్డు వేయిస్తున్న గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆరణాలు ఇవ్వాల్సిన కూలికి రెండణాలు విదిలించేవాడు. గాం గంటందొర భూమి పోయిందీ ఇతని చేతిలోనే. అర్జీలు పెట్టారు, వినలేదు. గాం సోదరులు గంటందొర, మల్లుదొర రాజు పక్కన నిలబడడానికి దారితీసింది ఈ నాలుగణాల తేడా, ఈ పోయిన భూమి. స్వరాజ్యం అనే మాట తర్వాత వచ్చి చేరింది.

ఇక్కడే ఫజులుల్లాఖాన్ కనిపిస్తాడు. పోలవరం డిప్యూటీ కలెక్టరు. సీతారామరాజుమీద అనుమానంతో సర్కారు నిఘా పెట్టినప్పుడు అతని పట్ల సానుభూతి చూపిన అధికారి. పైడిపుట్ట దగ్గర భూమి ఇప్పించి స్థిరపడే ఏర్పాటు చేసినవాడు. అతని చలవ వల్లనే 1922 వేసవిలో రాజుకు మళ్ళీ గూడెం కొండలవైపు కదిలే వీలు చిక్కింది. ఈ మధ్య మనవాళ్ళు కొందరు ఈ పేరు పట్టుకుని తెగ సంబరపడుతున్నారు. అల్లూరి ఉద్యమంలో ముస్లిం పాత్ర అని వ్యాసాలు రాస్తున్నారు. నాకు ఆ సంబరం మింగుడు పడదు. ఫజులుల్లాఖాన్ మంచివాడే, బాస్టియన్ లాంటివాడు కాడు. కాని బాస్టియన్ కూర్చున్న కచేరీ లాంటి కచేరీలోనే అతనూ కూర్చున్నాడు. ఆ ప్రభుత్వ జీతమే తిన్నాడు. బహుశా తగువు పెరగకుండా సర్దుబాటు చేయాలని చూశాడు. అది మనిషితనం, తిరుగుబాటు కాదు. అతన్ని విప్లవవీరుణ్ణి చేసి మన చేతిలో దేశభక్తి సర్టిఫికెట్టులా పట్టుకు తిరగడం ఎందుకు? ఈ సర్టిఫికెట్టు అడుగుతున్నది ఎవరు? అష్ఫాఖుల్లాను చూపించాం, టిప్పును చూపించాం, ఇప్పుడు ఫజులుల్లాఖాన్‌ను చూపిస్తాం. చూపించినకొద్దీ ఇంకోటి అడుగుతారు. కొండమీద కోదువాణ్ణి ఎవరూ దేశభక్తి సర్టిఫికెట్టు అడగలేదు, పట్టా అడిగారు. ఇద్దరి దగ్గరా కాగితమే లేదు.

మనం నిజంగా చెప్పుకోవాల్సిన చుట్టరికం ఇంకోటుంది, దాన్ని మనవాళ్ళు రాయడం లేదు. 1921లో మలబారులో మాపిళ్ళ ముస్లిం కౌలుదార్లు జన్మీలమీద, తెల్లవాళ్ళమీద లేచారు. అందులో మతావేశం ఉంది, హిందువులమీద దాడులూ ఉన్నాయి, దాన్ని దాచనక్కర్లేదు. భూమి తగువు అన్నిటికన్నా కింద ఉంది. దాన్ని అణచడం ఎలా ఉందంటే, ఆ నవంబరులో ఖైదీలను తిరూరు నుంచి గాలి ఆడని గూడ్సు పెట్టెలో కుక్కి పంపితే డెబ్బైమంది దాకా ఊపిరాడక చచ్చిపోయారు. ఆ తిరుగుబాటు కోసం బలపరిచి నిలబెట్టిన దళం మలబారు స్పెషల్ పోలీసు. గూడెం, మలబారు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మరుసటేడు గూడెం లేచినప్పుడు మద్రాసు సర్కారు తెచ్చి కొండమీద దింపింది ఆ దళాన్నే. మాపిళ్ళల గుడిసెల్లో జొరబడ్డ బూట్లే బగతల గుడిసెల్లో జొరబడ్డాయి. అవీ చాలక 1924లో అస్సాం రైఫిల్సు వచ్చింది. శిక్ష పడ్డవాళ్ళు చేరింది కూడా ఒక చోటికే. మాపిళ్ళలను వందల్లెక్కన అండమానుకు పంపారు, వాళ్ళ వారసుల ఊళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. మల్లుదొరకు పడింది కూడా అండమాను ద్వీపాంతరమే. తిరిగొచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోకసభకు గెలిచాడు. గూడెం మనిషి ఢిల్లీలో ఏం మాట్లాడాడన్నది మన సాహిత్యకారులకు ఆసక్తి కలిగించలేదు. మల్లుదొర గురించి కథ కావాలంటే ఇప్పటికీ 1922కే పోతారు.

ఆ తర్వాతి కథ మరీ నెమ్మదిగా నడిచింది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చి చింతపండు, తేనె, కరక్కాయ కొనడం మొదలెట్టింది. 1969 రెగ్యులేషన్‌తో ముఠాదారీ పోయింది. 1970లో ఒకటి బై డెబ్బై వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి మారడానికి వీల్లేదు, గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి కూడా మారడానికి వీల్లేదు. ఈ 'గిరిజనేతరుడు' అన్న మాట దగ్గర మనం ఆగాలి. కిందనుంచి సంతకు సరుకేసుకుని పోయే చిన్న వ్యాపారుల్లో, జీపులు తోలేవాళ్ళలో, టీ కొట్లు పెట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. మైదానంలో ఇల్లు అద్దెకు దొరకని సాయిబు ఘాటీ ఎక్కగానే గిరిజనేతరుడైపోతాడు. కింద మైనారిటీ, పైన బయటివాడు. తూకంలో రాయి తేడా చేస్తే, చదువు రానివాడి వేలిముద్ర మీద బాకీ పెంచితే, కోదు ఆడమనిషికి వాడు ముస్లిమా కోమటా అన్నది అనవసరం. మన అస్తిత్వం గురించి రాసేటప్పుడు ఈ రెండో ముఖం కూడా రాయకపోతే మనం రాసేది సగమే. ఒకటి బై డెబ్బై వల్ల మనవాళ్ళలో కొందరికి నష్టం కలిగిన మాట నిజమే. అయినా ఆ చట్టం ఉండాల్సిందే అంటాను. వక్ఫు భూముల గురించి మనం మాట్లాడే నోటితో ఇది కూడా అనగలగాలి.

కరెంటు సంగతి చెప్పి ముందుకు పోతాను. ఎగువ సీలేరు విద్యుత్కేంద్రం గూడెం కొత్తవీధి మండలంలోనే ఉంది. 1960ల చివర్లో తిరగడం మొదలెట్టింది. తీగలు ఊళ్ళమీదుగా మైదానానికి పోయాయి, తీగల కింది చాలా పల్లెలు దశాబ్దాలు కిరసనాయిలు బుడ్డి దగ్గరే ఉన్నాయి.

కాఫీ గురించి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. గూడెం కొత్తవీధి, చింతపల్లి కొండల్లో కాఫీ 1960ల నుంచి ప్రభుత్వ తోటలుగా మొదలై, తర్వాత ఐటీడీఏ ద్వారా ఆదివాసీ కుటుంబాల చేతికి వచ్చింది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క, ఓక్ చెట్టుకు ఎగబాకిన మిరియం తీగ. నవంబరు వచ్చేసరికి పండ్లు ఎర్రబడతాయి. ఇంటిల్లిపాదీ కోతకు పోతారు, పసిపిల్ల తల్లి వీపున ఉంటుంది. పండు పిసికి, కడిగి, ఆరబెట్టి సంతకో డిపోకో మోసుకుపోవాలి. ఈ రకం పేరు అరబికా. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ అన్న మాట అరబ్బీ 'ఖహ్వా' నుంచి పుట్టింది. యెమెన్ నుంచి లోకమంతా పాకింది. మన దేశానికి దాన్ని తెచ్చింది బాబా బుడన్ అనే ఫకీరని కన్నడ దేశంలో చెప్పుకుంటారు. పదిహేడో శతాబ్దంలో హజ్ నుంచి వస్తూ మోఖా రేవులో ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడట. అది ఐతిహ్యమే అయినా కొండకు పేరు నిలిచింది. ఆ దర్గా ఎవరిదన్న తగువు 1990ల నుంచి పెద్దది చేశారు. కాఫీ గింజ ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. పొద్దున్నే ఫిల్టరు కాఫీ తాగి దర్గామీద పడేవాళ్ళకు ఆ గ్లాసులో ఫకీరు కనపడడు, కొండమీద పండు కోసిన పిల్లా కనపడదు.

అరబ్బు పేరు కొండమీదికి మళ్ళీ ఇంకో దారిన వచ్చింది. ఈసారి గింజ కోసం కాదు, మట్టి కోసం. జర్రెల కొండల కింద బాక్సైటు ఉంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీకి లీజు చెల్లదన్నది. చెల్లకపోతే దొడ్డిదారి వెతికారు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, కంపెనీ కొనుక్కుంటుంది. 2007లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది రస్ అల్ ఖైమాతో, గల్ఫులో ఒక చిన్న ఎమిరేటు. నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో అన్‌రాక్ ఫ్యాక్టరీ లేచింది. 2015 నవంబరులో అడవిని తవ్వకానికి ఇచ్చే జీవో 97 వచ్చింది. కొండలన్నీ కదిలాయి. కత్తి, తుపాకీ అక్కర్లేకుండా ఊరూరా తీర్మానాలు, బందులు, నడకలు. 2019లో లీజులు రద్దయ్యాయి.

అప్పుడు మనలో ఎవరైనా రాశారా? అరబ్బు షేకు పెట్టుబడి కోదువాడి కొండను తవ్వబోతే ఇది మా పేరున వద్దు అని ఒక ముస్లిం రచయిత అన్నాడా? ఉమ్మత్ అంటాం. రస్ అల్ ఖైమా అమీరుకు, నర్సీపట్నంలో పంక్చరేసే కరీముకు మధ్య ఉన్నది ఉమ్మత్ అని చెబితే కరీము కూడా నవ్వుతాడు.

అరబ్బు దేశాలంటే అమీర్లే కాదు. అక్కడా మన్యాలున్నాయి. ట్యునీషియానే చూడండి. సముద్రపు ఒడ్డున హోటళ్ళు, యాత్రికులు, డబ్బు. లోపలివైపు గఫ్సా గనుల ఫాస్ఫేటు, నిరుద్యోగం. 2008లో రదెయెఫ్ అనే గని ఊరు ఉద్యోగాల పంపకంలో అన్యాయం జరిగిందని ఆరు నెలలపాటు లేచి నిలబడితే రాజధాని పత్రికలు నోరు మెదపలేదు. 2010 డిసెంబరు 17న సీదీ బూజీద్‌లో బండిమీద కూరగాయలమ్మే మొహమ్మద్ బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. అక్కడ కూడా లోకం దృష్టికి ఆ ఊరు ఆ రోజునే పుట్టింది.

లీనా బెన్ మెహెన్నీ ట్యూనిస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే యువతి. మూత్రపిండాలు పాడై, 2007లో తల్లి ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్న మనిషి. తాను చూసింది అరబ్బీ, ఫ్రెంచి, ఇంగ్లీషుల్లో ఇంటర్నెట్లో రాసేది. బెన్ అలీ ప్రభుత్వం ఆమె రాతలను దేశంలో ఎవరికీ అందకుండా మూసేసింది. 2011 జనవరిలో, పత్రికలవాళ్ళు కదలని రోజుల్లో, ఆమె కస్రీన్, రెగెబ్ వెళ్ళింది. ఆస్పత్రిలో పడి ఉన్న శవాల ఫోటోలు తీసి పేర్లతో లోకానికి చూపించింది. జనవరి 14న బెన్ అలీ పారిపోయాడు. చాలామంది కథ అక్కడ ఆపేస్తారు. నాకు నచ్చింది ఆ తర్వాత ఆమె చేసిన పని. ఒకప్పుడు రాజకీయ ఖైదీగా ఉన్న తండ్రితో కలిసి జైళ్ళకు పుస్తకాలు పోగేసి పంపింది. పితూరీ అయిపోయాక కూడా రోజులుంటాయని ఆమెకు తెలుసు. 2020 జనవరి 27న ముప్పై ఆరేళ్ళకే పోయింది. ఆమె జనాజాను ఆడవాళ్ళు భుజానికెత్తుకున్నారు. మన మొహల్లాల్లో ఈ మాట చెబితే పెద్దలు ముఖం చిట్లిస్తారని తెలిసే రాస్తున్నాను. మన సంకలనాల్లో ఆడవాళ్ళ పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్నంతకాలం మన రోజువారీ బతుకు గురించి మనం రాసింది వీధి గుమ్మం వరకే. వంటింట్లో ఏం జరుగుతున్నదో మగ రచయితలు ఊహించి రాస్తున్నారు.

గూడెం కొత్తవీధి 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. రాజు పేరు జిల్లాకు దక్కింది. సెల్లు సిగ్నలు మాత్రం చాలా ఊళ్ళకు దక్కలేదు, గట్టెక్కితేనో చెట్టెక్కితేనో దొరికేది. అయినా చదువుకున్న కుర్రాళ్ళు ఫోను పట్టుకుని తమ ఊరిని తామే చూపిస్తున్నారు. ఊట గెడ్డలో నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళు, కప్పు లేని బడి, థింసా ఆట, సంత. ఎక్కువగా కనిపించేది డోలీ. రెండు కొసలా ఇద్దరు మోసే కర్ర, మధ్య దుప్పటిలో నొప్పులు పడుతున్న మనిషి. అంబులెన్సు ఆగేచోటికి మైళ్ళు నడవాలి. వందేళ్ళ కిందట ఇదే కొండల్లో రెండణాలకు రోడ్డు వేయించుకున్నారు. ఆ రోడ్డు వద్దని లేచినవాళ్ళ మునిమనవలు ఇవాళ రోడ్డు కావాలని అడుగుతున్నారు. తేడా ఏమిటంటే ఆ రోడ్డు పైకి వచ్చేవాడి కోసం, ఇది కిందకు దిగాల్సినవాడి కోసం. అధికార్లు ఈ వీడియోలను చూసి, పైకి పితూరీలు చెబుతున్నారని విసుక్కుంటారు. మాట ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళకు తెలియదు.

ఆ వీడియోల్లో తీసే కుర్రాడు ముందు తెలుగులో మాట్లాడతాడు, కలెక్టరుగారూ అంటూ మొదలెడతాడు. అది మనకోసం. మధ్యలో డోలీలో మనిషి మూలిగితే కర్ర మోసేవాళ్ళు ఆగుతారు, కుర్రాడు ఫోను అలాగే పట్టుకుని ఆమెతో కోదు భాషలో ఏదో అంటాడు. ఆమె కూడా ఏదో అంటుంది. కింద ఎవరూ దాన్ని తెలుగులో రాయరు. కర్ర మళ్ళీ భుజానికెక్కుతుంది.